పద్నాలుగు రివెట్ల అతుకు

ఆవిడ చేసిన పళ్లతో ఆ ఊళ్లో తక్కువలో తక్కువ మూడు వేలమంది నములుతున్నారు, నవ్వుతున్నారు, కోపం వస్తే పటపటా కొరుకుతున్నారు. అయినా ఆ పళ్లు చేసిన మనిషి ఫలానా అని, ఇంటి మనుషులకి తప్ప, వాళ్లలో ఒక్కరికీ తెలియదు. పళ్ల డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తాడు. కళ్లజోళ్ల దుకాణం పైన, రెండో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఆవిడ ఆ అచ్చుకి సరిపడా పళ్లు తయారుచేసి పంపేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ, అదే బల్ల. ఆ పళ్ల లాబులో అందరూ పళ్లక్కయ్య అంటారు. పిలవగా పిలవగా చివరికి ఇంట్లోవాళ్లకి కూడా అదే అలవాటైపోయింది.

పళ్లక్కయ్యకి ఒక గుణం ఉంది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. ఎక్కడ అతికారు, ఎటువైపు నుంచి పోత పోశారు, చేసినవాడికి ఓపిక ఎక్కడ చచ్చిపోయింది, ఇవన్నీ తేలేదాకా దాన్ని కింద పెట్టదు. కొత్త బకెట్టు కొన్నా అంతే. "బకెట్టుకి జ్వరమొచ్చిందా, అలా తడిమి చూస్తున్నావు?" అని అత్తగారు వేళాకోళమాడేది. అత్తగారు ఏమన్నా కోడలు పట్టించుకునేది కాదు. ఆవిడ ఆడే ప్రతి మాటా కోడలు చేసిపెట్టిన పళ్ల మీదుగానే బయటికి రావాలి మరి.

పింగాణీ పన్ను మీద రంగు వెయ్యడానికి వెంట్రుకంత సన్నటి బ్రష్షు కావాలి. అలాంటివి ఊళ్లో ఒక్క దుకాణంలోనే దొరుకుతాయి. ఒక మధ్యాహ్నం బ్రష్షుల కోసం వెళితే, దుకాణదారు లోపలికి వెళ్లి వెతుకుతున్నాడు. బల్ల మీద ఒక అట్టపెట్టె మూత తీసి ఉంది. మూత మీద మిగ్-21 యుద్ధ విమానం బొమ్మ. ముక్కు చివర గుండ్రటి నోరు, నోట్లో శంకు, త్రిభుజం రెక్కలు. పెట్టెలో మాత్రం విమానం లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు నాలుగు, వాటికి గుత్తులుగా వేలాడుతున్న ముక్కలు. ఒక్కో ముక్కకి ఒక సన్నటి కాడ.

ఆ కాడని చూసి ఆవిడ ఆగిపోయింది. లోహపు పన్ను పోత పోసేటప్పుడు ముందుగా చేసుకునే మైనం పన్నుకి తను కూడా సరిగ్గా అలాంటి కాడే పెడుతుంది. కరిగిన లోహం ఆ దారినే అచ్చులోకి పోతుంది. తర్వాత కాడ కోసేసి ఆకురాయి పడతారు.

"ఇది మా పనే కదండీ" అంది, దుకాణదారు బయటికి రాగానే.

"ఏది?"

"ఈ విమానం."

ఆయన ఆవిడని ఎగాదిగా చూశాడు. "పిల్లలకైతే ఇది కష్టమండీ."

"పిల్లలకెందుకు, నాకే" అంది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. సాయంత్రం ఇంటికొచ్చి పెట్టె చూసి, "ఏంటిది?" అన్నాడు.

"యుద్ధ విమానం."

"ఎవరి మీదకి?"

అత్తగారు తన గదిలోంచే, "ఇంకెవరున్నారు, నా మీదకే" అంది.

మొదటి విమానం రెండు వారాల్లో తయారైంది. అతుకు ఎక్కడా కనబడలేదు. కానీ చక్రాల మీద నిలబెట్టగానే ముక్కు పైకెత్తి, కుక్క కూర్చున్నట్టు తోక మీద కూర్చుంది. ముక్కులో బరువు పెట్టాలని పెట్టెలోని కాగితం మీద రాసే ఉంది, ఆవిడ చదవలేదు. కాగితాలు చదివే ఓపిక ఆవిడకి ఎన్నడూ లేదు. మళ్లీ పొట్ట కోసి, లాబులో పోత పొయ్యగా మిగిలిన లోహపు బిళ్లలు రెండు ముక్కులో దూర్చి అతికింది. అప్పుడు బుద్ధిగా మూడు చక్రాల మీద నిలబడింది.

అక్కడితో అయిపోయేదే. కానీ దానికి రంగు వెయ్యాలి. పన్నుకి రంగు వెయ్యాలంటే పక్క పన్ను చూడాలి, చూడకుండా వెయ్యడం ఆవిడకి చేతకాదు. మరి విమానానికి పక్క పన్ను ఎక్కడుంది?

"పార్కులో ఉందిగా" అన్నాడు భర్త, తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "రోజూ దాని ముందు నుంచే కదా నా బస్సు పోయేది. నువ్వు కూడా ఎన్నిసార్లు పోలేదు?"

నిజమే, పోయింది. నీళ్ల టాంకు పక్క పార్కులో, నడుమెత్తు సిమెంటు గట్టు మీద ఒక పాత మిగ్-21 ఉంటుంది. ఊరి పొలిమేరలో ఒకప్పుడుండే విమాన స్థావరం మూసేసేటప్పుడు తెచ్చి పెట్టారు. ఆవిడ ఇన్నేళ్లూ దాన్ని కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూసింది. ఆ ఆదివారం మొదటిసారి విమానాన్ని చూసినట్టు చూసింది.

గట్టెక్కి, చిన్న నోటుపుస్తకం తీసి, ముక్కు నుంచి మొదలుపెట్టింది. తన బొమ్మలో ఉన్న గీతలన్నీ ఇక్కడా ఉన్నాయి. లెక్క తప్పకుండా వస్తూ వస్తూ, పైలెట్ కూర్చునే చోటికి కొంచెం వెనగ్గా, ఎడమ పక్కన ఆగింది. అక్కడ అరచేయంత రేకు ఒకటి పైన వేసి బిగించి ఉంది. బొమ్మలో అది లేదు. చదరం కాదు, గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. చుట్టూ పద్నాలుగు రివెట్లు. పదమూడు రివెట్ల తలలు ముత్యాల్లా ఒకే తీరుగా ఉన్నాయి. పద్నాలుగోది ఒక పక్కకి వాలి, తాగినవాడి టోపీలా ఉంది.

పార్కు గేటు దగ్గర టీకొట్టాయన్ని అడిగింది. "యుద్ధంలో తగిలిన గుండండీ అది" అన్నాడాయన ఠక్కున, టీ తిరగపోస్తూ. "గుండు తగిలినా పైలెట్ వెనక్కి తెచ్చాడు. ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు."

ఎవర్నడిగినా అదే చెప్పారు కూడా. కానీ ఆవిడ మనసుకి అది ఎక్కలేదు. గుండు దెబ్బ సంగతి తనకి తెలియదు, అతుకు సంగతి తెలుసు. ఇరవై రెండేళ్లుగా విరిగినవాటిని అతుకుతోంది. మరుసటి ఆదివారం భూతద్దం తీసుకుని వెళ్లింది. రంగు పెచ్చులూడిన చోట రేకు అంచు మీద ఆకురాయి గీతలు సన్నగా కనబడుతున్నాయి. కుడిచేతివాడు ఆకురాయి పడితే గీతలు ఒకవైపు వాలుతాయి. ఇవి రెండోవైపు వాలి ఉన్నాయి.

ఆ రోజు అన్నం తింటుండగా భర్తతో అంది, "అది చేసిన మనిషి ఎడమచేతి వాటమండీ. పనిమంతుడు. కానీ ఆ ఒక్క రివెట్టూ అతను కొట్టింది కాదు."

"పోలీసుల్లో చేరాల్సింది నువ్వు" అన్నాడాయన. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపాడు. "మా డిపోలో బస్సులకి రేకులు కొట్టే షెడ్డుంది చూడు, అందులో ఎడమచేతి మేస్త్రీ అని ఒకాయన ఉండేవాడు. స్థావరం మూసేశాక అక్కణ్ణించి వచ్చినవాడే. రిటైరై పదేళ్లయింది. మనిషి మంచోడే కానీ, నోట్లోంచి మాట రాదు."

నోట్లోంచి మాట ఎందుకు రాదో, భర్తతో కలిసి ఆయన ఇంటికి వెళ్లగానే పళ్లక్కయ్యకి అర్థమైంది. మేస్త్రీ బక్కపలచటి ముసలాయన. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పళ్ల సెట్టు పక్కన గ్లాసులో నీళ్లలో ఉంది. మనుషులొచ్చారని గబగబా పెట్టుకున్నాడు గానీ, పెట్టుకుంటూనే మొహం ముడుచుకుపోయింది.

విమానం మాటెత్తగానే, "పాత సంగతులవన్నీ. గుర్తు లేవు" అన్నాడు.

ఆవిడ రెట్టించలేదు. "ఎక్కడ నొక్కుతోంది బాబాయిగారూ? కింద ఎడమపక్కనా?"

ఆయన చెయ్యి ఎడమ దవడ మీదకి పోయింది.

"ఒకసారి ఇలా ఇవ్వండి. నేను చేసేది ఇదే పని."

సంచీలోంచి నీలం కాగితం తీసి ఆయన చేత కొరికించింది. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం చుక్క పడింది. వెంట తెచ్చుకున్న చిన్న ఆకురాయితో ఆ చుక్కని అరగదీసి, కడిగి ఇచ్చింది. మళ్లీ కొరికించింది, మళ్లీ అరగదీసింది. మూడోసారికి ఆయన దవడ అటూ ఇటూ ఆడించి, లోపలికి కేకేశాడు. "ఏమే, వీళ్లకి టీ పెట్టు." ఆ మాట అంత స్పష్టంగా విని చాలాకాలమైందేమో, లోపలున్న పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి తొంగిచూసింది.

అప్పుడు చెప్పాడు.

"అది గుండూ కాదు, గిండూ కాదమ్మా. నా తప్పు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. విమానం పక్కన చక్రాల స్టాండు పెట్టుకుని పైన పనిచేసేవాళ్లం. దిగాక స్టాండు చక్రాలకి అడ్డు వెయ్యాలి. నేను మర్చిపోయి భోజనానికి పోయాను. గాలివాన మొదలైంది. స్టాండు దొర్లుకుంటూ పోయి, దాని ఇనప మూల విమానం డొక్కలో దిగిపోయింది. వచ్చి చూస్తే రేకు చిరిగి ఉంది. ఎవరూ చూడలేదు. గాలికే పోయిందని చెబితే సరిపోయేది."

"చెప్పారా?"

"నోటిదాకా వచ్చింది. మా చీఫ్ మొహం చూసేసరికి నిజమే చెప్పేశాను. ఆయన తిట్టలేదు. 'చింపినవాడివి నువ్వే కుట్టు' అన్నాడు. రెండు రోజులు పట్టింది. మూలలుంటే అక్కణ్ణించే పగులు పాకుతుంది కదా, అందుకని..."

"గుడ్డులా కోశారు" అంది ఆవిడ.

"ఆఁ. పదమూడు రివెట్లు కొట్టాను. పద్నాలుగోది కొట్టబోతుంటే చీఫ్ వచ్చి సుత్తి లాక్కున్నాడు. 'అడ్డు వేశావా లేదా అని చూసుకోవలసిన పని నాది. ఇది నా వాటా' అని తనే కొట్టాడు. కాగితాల మీద సంతకాలు పెట్టే చెయ్యి, సుత్తి పట్టి ఎన్నేళ్లయిందో. వంకర పోయింది. తీసి మళ్లీ కొడతానంటే ఒప్పుకోలేదు. పరీక్ష చేసి బిగువు బాగానే ఉందని ఉంచేశాడు."

"తర్వాత?"

"తర్వాత అది ఎగిరింది. నన్ను రన్‌వే చివర నిలబడి చూడమన్నాడు. నలభై నిమిషాలు. తిరిగొచ్చి దిగేదాకా నేను కూర్చోలేదు." ఆయన టీ ఊది తాగాడు. "ఆ అతుకుతో ఇంకో పదకొండేళ్లు ఎగిరింది. పార్కులో పెట్టాక ఎవరో గుండన్నారు. కాదని చెప్పాలంటే నా తప్పు నేనే చాటుకోవాలి. ఊరుకున్నాను. ఊరుకుంటూ ఊరుకుంటూ ముప్ఫై ఏళ్లయింది."

పళ్లక్కయ్య అలాంటి విమానం పెట్టె ఇంకోటి కొంది. ఈసారి పెద్దది, అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. అరచేయంత అతుకు అందులో బియ్యపు గింజలో సగం. సిగరెట్టు పెట్టెలోని రేకు కాగితం కత్తిరించి, భూతద్దం కింద సూదిమొనతో పద్నాలుగు చుక్కలు పొడిచింది. వంకర చుక్క కుదరక ఏడు కాగితాలు పారేసింది. తిన్నగా చెయ్యడానికి అలవాటుపడిన చేతికి వంకరగా చెయ్యడం అంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. పూర్తయిన విమానాన్ని మేస్త్రీ చేతిలో పెడితే, ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి, "ముక్కు మీద ఆ గాలివేగం కొలిచే సూది ఇంకొంచెం సన్నంగా ఉండాలమ్మా" అన్నాడు. విమానాన్ని మాత్రం ఇవ్వమన్నా తిరిగివ్వలేదు.

ఆ ఎండాకాలం పార్కుకి కొత్త రంగులు వేయించారు. బస్సులోంచి చూసిన భర్త మధ్యాహ్నం లాబుకి ఫోను చేశాడు. "మీ విమానానికి లప్పం పెడుతున్నారు. గీకి నున్నగా చేస్తారట." ఆవిడ చేతిలో పని అక్కడే పెట్టి, మేస్త్రీని ఆటోలో ఎక్కించుకుని వెళ్లింది. వెళ్లేసరికి పెయింటరు తోక దగ్గరున్నాడు. పక్కనే లప్పం డబ్బా.

"ఆ అతుకు ముయ్యొద్దు" అంది.

"పైవాళ్లు నున్నగా ఉండాలన్నారమ్మా. అయినా అదేమంత గొప్పదని?"

"గుండు దెబ్బయ్యా అది" అన్నాడు టీకొట్టాయన, కొట్టు వదిలి వచ్చి. "యుద్ధంలో తగిలింది. ముయ్యకూడదు."

లప్పం ఆగాలంటే ఆ మాట చాలు. పెయింటరు కూడా వెనక్కి తగ్గాడు. పళ్లక్కయ్య మేస్త్రీ వైపు చూడకుండా నేల చూసింది. ఆయన ఏం చేస్తాడో తెలుసుకోవాలని ఉంది కానీ, చూసి ఆయన్ని ఇబ్బంది పెట్టాలని లేదు.

మేస్త్రీ ఆవిడ భుజం ఆసరాగా గట్టెక్కాడు. "గుండు కాదు. స్టాండు తగిలింది. అడ్డు వెయ్యడం నేను మర్చిపోయాను. అతికింది కూడా నేనే." ఎడమచేయి చాచి అతుకు మీద పెట్టాడు. "అయినా ముయ్యకండి."

 పెయింటరు గట్టెక్కి, అతుకు అంచు మీద బొటనవేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు. అతనూ చేతిపనివాడే. "మంచి పని" అన్నాడు. దాని మీద పలచగా రంగు మాత్రం వేసి, లప్పం డబ్బా అవతల పెట్టాడు.

టీకొట్టాయన మాత్రం దిగాలుపడిపోయాడు. "ముప్ఫై ఏళ్లుగా చెప్తున్నానండీ" అన్నాడు. ఇప్పటికీ కొత్తవాళ్లొస్తే ఆయన గుండు కథే చెబుతాడు. బెంచీ మీద మేస్త్రీ కూర్చుని ఉంటే మాత్రం, "ఇంకో మాట కూడా ఉందనుకోండి" అని ఆయన వైపు చెయ్యి చూపిస్తాడు.

ఆదివారాలు ఇప్పుడు పళ్లక్కయ్యా మేస్త్రీ కలిసే పార్కుకి వెళుతున్నారు. మొన్న పళ్లక్కయ్య చాప పరిచి విమానం కింద వెల్లకిలా పడుకుంది. చక్రం లోపలికి ముడుచుకునే గూటిలో, ఎవరికీ కనబడని చోట, మేకుతో గీసిన మూడు నిలువు గీతలూ వాటి మీద ఒక అడ్డగీతా కనిపించాయి.

"బాబాయిగారూ, ఇదేంటి?"

ఆయన మోకాళ్లు పట్టుకుని కష్టం మీద వంగి చూశాడు. "అది నాకూ తెలీదమ్మా" అన్నాడు. తర్వాత, "కొంచెం జరుగు" అని తనూ చాప మీద పడుకున్నాడు.