అత్త నాకు నేర్పని కీర్తన

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, చర్చిలో మొదటి గంట కొట్టాక, రెండో గంట కొట్టకముందు. నేను కుచ్చిళ్ళు సర్దుకుంటూ "అత్తా, పోయొస్తా, కాఫీ ఫ్లాస్కులో పోసిపెట్టినా" అని ఆమె గదిలోకి తొంగి చూశాను. "పో పో, నువ్వు లేందే ఆడ దేవుడు మొదలు పెట్టడు" అని ప్రతి ఆదివారం ఎత్తిపొడిచే మనిషి ఆ రోజు పలకలేదు.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఈ పత్రికవాళ్ళు అడిగారు. చదివే మీలో ఆమెను ఎరిగినవాళ్ళు కొందరే ఉంటారు. కోడలు అత్తను గురించి రాస్తే అమ్మలాంటిది, దేవతలాంటిది అని రాయాలి కాబోలు. నాకు ఆ మాటలు రావు. ఇరవై రెండేళ్ళు నేను ఆమెను చూసి కుళ్ళుకున్నాను. అది దాచిపెట్టి రాస్తే, ఎక్కడున్నా ఆమెకే నవ్వొస్తుంది.

ఆమె పుట్టింది శ్రీహరికోట దీవిలో. రాకెట్ల కోసం దీవిని తీసుకున్నప్పుడు అక్కడి జనమంతా సామాన్లు సర్దుకుని పులికాటు సరస్సు దాటి ఇవతలికి వచ్చేశారు. అప్పటికి ఆమెకు పెళ్ళీడు. తలా ఒకటి మోస్తుంటే ఆమె చేతికి వాళ్ళ నాయన కంజిర వచ్చింది. ఆ తరువాత రేణిగుంట రైల్వేలో పనిచేసే మా మామను చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు కంజిరను వంటింటి తలుపు పక్కన మేకుకు తగిలించిందట. అప్పటినుంచి అది అక్కడే. ఇంటికి రంగు వేయించినప్పుడల్లా "దాని జోలికి పోబాకండి" అని రంగులవాళ్ళ వెనకే నిలబడేది. వాళ్ళు కంజిర చుట్టూ వేసి పోయేవాళ్ళు.

ఇక నా సంగతి. మా నాయన రైలు గార్డు. కాట్పాడి, పాకాల, ధర్మవరం, గుంతకల్లు, మళ్ళీ పాకాల. ఒక బడిలో స్నేహితురాలు దొరికేలోపు ఇంకో ఊరికి పెట్టెలు కట్టేవాళ్ళం. నీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఒక క్షణం తడుముకుంటాను. మా అత్త తడుముకునేది కాదు. అడిగినా, అడగకపోయినా చెప్పేది. ఆ ఊరి సరుగుడు తోపులో గాలి ఎట్లా వీచేదో, ఇసకలో చెలమ తవ్వితే నీళ్ళు ఎంత తీపో, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో. ఎప్పుడో లేకుండా పోయిన ఊరు ఆమెకు అంత ఉంటే, ఇప్పటికీ రైళ్ళు ఆగే ఊళ్ళు అయిదారు ఉండి కూడా నాకు ఒక్కటీ లేదు. అసూయ అక్కడ మొదలైంది.

బైబిల్లో నూట ముప్పై ఏడో కీర్తన ఉంది. చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన జనం అక్కడి ఏటిగట్టున కూర్చుని యెరూషలేమును తలుచుకుని ఏడ్చిన కీర్తన. పట్టుకుపోయినవాళ్ళు మీ ఊరి పాట ఒకటి పాడండి, సరదాగా విందాం అంటే, పరాయి నేల మీద ఎట్లా పాడతామని వీళ్ళు వాద్యాలను చెట్లకు తగిలించేశారు. ఊరిని మరిచిపోతే నా కుడిచెయ్యి పడిపోనీ అని ఒట్టు పెట్టుకున్నారు. తన పెళ్ళయిన కొత్తలో చర్చిలో ఇది చదువుతుంటే విని మా అత్త, పక్కనున్న మామ మోచెయ్యి పట్టుకుని "ఇది మా ఊరి కతే గదా, వీళ్ళకెట్లా తెలిసె?" అని పైకే అడిగేసిందట. చదువు రాదు కాబట్టి విన్నంతవరకు గుర్తు పెట్టుకుని, వాళ్ళ నాయనావాళ్ళు వల లాగేటప్పుడు పాడుకునే వరసలో దాన్ని కూర్చుకుంది. యెరూషలేము అనే చోట తమ ఊరి పేరు పెట్టుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆమెది.

నేను హార్మోనియం నేర్చుకున్నదాన్ని. పెళ్ళయి వచ్చిన రెండో ఏడే చర్చి పాటల బృందం నా చేతికిచ్చారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక సాయంత్రం మేము ఆ కీర్తనను నాలుగు గొంతుల్లో, నెల రోజులు సాధన చేసి పాడేవాళ్ళం. జనం శ్రద్ధగా వినేవాళ్ళు, ఒకరిద్దరు దగ్గేవాళ్ళు. ఆ తరువాత పాస్టరుగారు "అమ్మా, నీదీ ఒకసారి" అనేవారు కాదు, ఊరికే ఆమె వైపు చూసేవారు. మనసైతే ఆమె లేచేది. గ్లాసులో వేళ్ళు ముంచి కంజిర తోలు మీద నీళ్ళు చిలకరించుకునేది. తోలు వదులై, గొంతు తగ్గించి మాట్లాడినట్టు మోగేది. ఊరి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ వరసలన్నిటిలో కొంగులు కళ్ళకు పోయేవి. నెల్లూరునుంచి వచ్చినవాళ్ళు, కుప్పంనుంచి వచ్చినవాళ్ళు, ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్ళు, అందరూ. నేను హార్మోనియం తిత్తి మూసి దాని మీద గుడ్డ కప్పుకుంటూ ఉండేదాన్ని. ఆ గుడ్డను అన్నిసార్లు మడిచి విప్పాల్సిన పని లేదని నాకూ తెలుసు.

ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, దేవుని వాక్యంలో మన ఊరి పేరు పెట్టడం తప్పు కదమ్మా అన్నారు. మా అత్త, "తప్పే సామీ. ఆ యెరూషలేము నేను సూళ్ళేదు గదా. సూడని ఊరికి ఎట్లా ఏడ్చేది?" అంది. ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ కీర్తన చివర పగవాళ్ళ పసిబిడ్డలను బండకు కొట్టాలని కోరుకునే మాటలున్నాయి. మేమూ పాడం, ఆమె కూడా పాడేది కాదు. ఎందుకు వదిలేస్తావని అడిగితే, "ఆ కోపం ఆడ ఉండాదని దేవుడికి తెలుసు. మళ్ళా మనం ఎత్తి సూపించాల్నా?" అంది.

ఫోను వచ్చాక నేను ఆ కీర్తన కోసం ప్రపంచమంతా వెతికాను. ఎక్కడో బానిసలుగా తెచ్చినవాళ్ళ మనవలు దాన్ని డ్రమ్ముల దరువులో చిందులు వేసేట్టు పాడారు. ఇంకోచోట పెద్ద నాటకశాలలో వంద మంది నల్లబట్టల్లో నిలబడి గుసగుసగా మొదలుపెట్టారు. దేశానికో వరస. అన్నీ విని, అన్నీ రాసుకుని, నేర్చుకుని, చివరికి మళ్ళీ వంటింట్లో చింతపండు పిసుకుతున్న మా అత్త దగ్గరికే వచ్చాను.

"అత్తా, నీ వరస నాకు నేర్పు."

"ఎందుకే నీకది?"

"నీ తరువాత పాడేదానికి ఎవరైనా ఉండాల గదా."

"నీకు పోయిన ఊరు యాడుండాది? లేకుండా పాడితే నోరు పాడతాది, అంతే. పో, ఆ కరేపాకు తుంచకరాపో."

ఏడాదికి ఒకసారైనా అడిగాను. ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పి పంపించేసింది. దొంగతనంగా నేర్చుకుందామని తలుపు చాటున నిలబడ్డాను కూడా. వరస చెవికి పట్టేది, గొంతులోకి వచ్చేసరికి నా హార్మోనియం స్వరాలే పలికేవి.

చెన్నైనుంచి ఎవరో పెద్దవాళ్ళు మైకులు, కెమెరాలు పట్టుకుని ఇంటికి వచ్చారొకసారి. ఊళ్ళ పాటలు సేకరిస్తున్నామన్నారు. మెత్తటి మనుషులే. "మీ దీవి పాట ఒకటి పాడండమ్మా, వింటాం" అన్నారు. మా అత్త చేతిలో ఉన్న కంజిరను తీసుకుపోయి మేకుకు తగిలించి వచ్చి కూర్చుంది. వాళ్ళకు అర్థం కాలేదు, నాకు అర్థమై ఒళ్ళు మండింది. మర్యాద దక్కదని వాళ్ళకు నేను పాడాను. చప్పట్లు కొట్టారు. వాళ్ళు పోయాక మా అత్త, "బాగా పాడితివి మే" అంది. నిజంగానే అంది. అది ఇంకా మండింది.

రాకెట్టు కూడా ఆమెదే. అవి లేచే సాయంత్రాల్లో మా వీధి మొత్తం మేడలెక్కి తూర్పుకు తిరిగి నిలబడుతుంది. నిప్పు గీత పైకి పోతుంటే పిల్లలు అరుస్తారు. తన ఊరిని తీసుకున్నదే అది కదా, కళ్ళు మూసుకుంటుందేమో అని నేను మొదట్లో అనుకున్నాను. ఆమె పక్కింటివాళ్ళకు వేలు పెట్టి చూపించేది. "సూడండి, మా ఊరి మీదనుంచే పోతాండాది!" దేశమంతా గర్వపడే వస్తువును కూడా ఈమె తన పెరట్లోది చేసుకుందే అని నేను కిందికి దిగిపోయేదాన్ని.

ఇవన్నీ ఒక ఎత్తు, మేడమీది పిల్ల ఒక ఎత్తు. నిరుడు రేణిగుంట ఫ్యాక్టరీలో పనికని ఒడిశా కొండల్లోనుంచి ఇరవై ఏళ్ళ పిల్ల వచ్చి మా మేడమీది గదిలో అద్దెకు దిగింది. గనుల కోసం వాళ్ళ ఊరిని ఖాళీ చేయించారట. తెలుగు ఒక్క ముక్క రాదు. షిఫ్టు దిగి వచ్చి మెట్ల మీద కూర్చునేది. మా అత్త సాయంత్రాలు కూర్చునేది ఆ మెట్ల మీదే. ఏం మాట్లాడుకునేవారో, ఎట్లా మాట్లాడుకునేవారో! మూడు నెలలకు ఆ పిల్లకు తెలుగు వచ్చింది, అచ్చం మా అత్త తెలుగు. ఒకరోజు నేను బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కుతుంటే కంజిర వినబడింది. పాడుతున్నది మా అత్త కాదు. ఊరి పేరు దగ్గర ఆ పిల్ల తన ఊరి పేరు పెట్టింది. మా అత్త కళ్ళు మూసుకుని తల ఊపుతోంది.

తడిబట్టల బకెట్టు అక్కడే దించి వచ్చేశాను. ఇరవై రెండేళ్ళు ఆమె కాళ్ళకు నూనె రాసింది నేను, కంటి ఆపరేషన్‌కు తిరుపతికి తిప్పింది నేను, ముల్లు తీసి చేప ముక్క కంచంలో పెట్టింది నేను. పాట మాత్రం ఆరు నెలలు అద్దెకున్న పిల్లకు. ఆ వారమంతా ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను. ఆమె గమనించింది. చేపల పులుసు బాగుందని రెండుసార్లు చెప్పింది, అంతే.

ఆ తరువాత ఆమె మంచం పట్టింది. నీరసం, ఆయాసం, వయసు. చివరి రోజుల్లో కూడా ఆ పిల్ల షిఫ్టు దిగి వచ్చి మంచం పక్కన కూర్చుంటే మా అత్త ముఖం విచ్చుకునేది. నేను మాత్రల డబ్బీ పట్టుకుని గుమ్మంలో నిలబడి అది కూడా లెక్కపెట్టుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, చావబోయే మనిషి నవ్వుకు కూడా నేను వంతులు వేసుకున్నాను.

ఆమె పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూటం నాడు అందరూ నా వైపు చూశారు. నేను హార్మోనియం ముందు కూర్చుని అందరికీ తెలిసిన పాటలు రెండు పాడాను. తరువాత పాస్టరుగారు ఆ పిల్ల వైపు చూశారు. అది లేచి, గ్లాసులో వేళ్ళు ముంచి, తోలు మీద చిలకరించింది. పాడుతుంటే ఆడవాళ్ళ కొంగులు మళ్ళీ కళ్ళకు పోయాయి. ఈసారి హార్మోనియం మీద గుడ్డ కప్పడం నాకు చేతకాలేదు.

జనం పోయాక ఆ పిల్ల కంజిర పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"ఆంటీ, ఇంగ నీకు నేర్పాల."

"నాకెందుకు? నాకు ఊరు లేదు గదా. ఆమే అనింది."

"అవ్వ చెప్పింది నాకు. ఆంటీకి ఇప్పుడు నేర్పబాకు అనింది. ఆ పాట ఏదో ఒకటి పోతేనే వస్తాది, దానికి ఏమీ పోకూడదు, నేనుండంగా దాని నోట ఆ పాట ఇనలేను అనింది. నేను పొయినాక నేర్పు, అప్పుడు దానికి కావాల్సొస్తాది అనింది."

ఆ మాటలన్నీ మా అత్త యాసలోనే, మా అత్త విరుపుతోనే వచ్చాయి. నాకు ముందు కోపం వచ్చింది. ఈ ముక్క నాతో చెప్పి ఉంటే ఏం పోయింది? ఇన్నేళ్ళు కరివేపాకు తుంచుకురమ్మని పంపించడమెందుకు? తరువాత వంటింటి నేల మీద కూలబడి ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదని ఏడుస్తుంటేనే తెలిసింది.

ఇప్పుడు ఆ పిల్ల షిఫ్టు లేని సాయంత్రాల్లో మెట్ల మీద కూర్చుని నేర్పుతోంది. కంజిర నా చేతిలో ఉంటుంది. తప్పు పాడితే "అట్ల కాదు మే" అంటుంది, నాలుక కరుచుకుని "ఆంటీ" అంటుంది. నాకన్నా బాగా పాడుతుంది. చూసి ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను, ఆ బుద్ధి పోలేదు.

మొదటి రోజే ఊరి పేరు దగ్గర ఆగిపోయాను. పాకాల అని పెట్టి చూశాను. గుంతకల్లు అని చూశాను. అత్త ఊరి పేరే పెట్టబోతే గొంతు ఒప్పుకోలేదు. అందుకని ఆ చోటికి వచ్చేసరికి నేను ఏ పేరూ పలకను. కంజిరను ఒక్కసారి తడతాను. ఆ పిల్ల అంతసేపూ ఆగి, తరువాతి మాట అందుకుంటుంది.

పాట అయ్యాక కంజిరను తీసుకుపోయి వంటింటి తలుపు పక్కన తగిలిస్తాను. ఇన్నేళ్ళూ రంగు తగలని చోట, మా అత్త ఈ ఇంటికి వచ్చిన నాటి నీలం సున్నం గుండ్రంగా మిగిలి ఉంది. దాన్ని సరిగ్గా కప్పేదాకా కంజిరను కొంచెం కొంచెంగా జరుపుతాను.