యాకమ్మ మేడం గొంతు

భూపాలపల్లిలో మా బడి మైదానంలో ఈ పొద్దున తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఇనుప గుండు విసిరితే, అది తడి నేలలో దబ్బుమని దిగబడింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు యాకమ్మ మేడమే గుర్తొస్తారు. మహబూబాబాద్‌లో నేను చదువుకున్న ఆడపిల్లల హాస్టల్లో ఆమె మాకు ఆటలు నేర్పేవారు. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను.

మనిషి పొడుగు, వెడల్పాటి భుజాలు. చీర కొంగు నడుముకు దోపి, కాళ్లకు బూట్లు వేసుకునేవారు. గొంతు మాత్రం అచ్చం మగగొంతు. ఆమె “ఉరుకుండ్రి!” అని అరిస్తే రోడ్డున పోయేవాళ్లు ఎవరో మగమనిషి అనుకుని గోడ మీదుగా తొంగి చూసేవారు. మా ఊరు లింగాల ఘనపూర్ నుంచి వచ్చి, ఇంటి మీద బెంగతో ఏడ్చే నేను, ఆ గొంతును అనుకరించడంతోనే తోటి పిల్లల్లో పేరు తెచ్చుకున్నాను. ఒకసారి మంచాల మధ్య నిలబడి మేడంలా మాట్లాడుతుంటే నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తిరిగి చూస్తే గుమ్మంలో ఆమె. “గట్ల కాదు బిడ్డా, ఇంక జర లావుగ అనాలె,” అన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు మాత్రం ఎనిమిది వందల మీటర్లు నాతో రెండుసార్లు పరుగెత్తించారు. నేను బాగా పరుగెత్తగలనని నాకు తెలిసింది ఆ రోజే.

ఇంటర్ రెండో ఏడాది రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు జనగామలో పెట్టారు. మొదటి ముగ్గురికే చోటు. జట్టులో చోటు దొరికితే ఆటల కోటాలో ఉద్యోగం వస్తుందని, కూలికి పోయే మా బాపు ఊళ్లో అందరికీ ముందే చెప్పుకున్నాడు. నాతో పాటు పరుగెత్తే సునీత అప్పటికే నెల రోజులుగా ఒక జిమ్ అతని దగ్గర బలం పెంచే స్టెరాయిడ్ సూదులు దొంగచాటుగా వేయించుకుంటోంది. ఎప్పుడూ నా వెనక ఉండే పిల్ల నన్ను దాటిపోవడం మొదలైంది. నేను నేరుగా మేడం గదికి వెళ్లి అడిగేశాను.

“తీస్కుంటే తప్పేంది మేడం? అందరు తీస్కోవచ్చని పోటీలు పెట్టేటోళ్లే చెప్తే అయిపాయె గద. దొంగతనం ఉండది, అందరికి ఒక్కటే ఉంటది.”

తిడతారనుకున్నాను. బియ్యం ఏరుతున్న చాటను ఒళ్లోకి లాక్కుని, నన్ను కూర్చోమన్నారు.

“నాది గూడ నీ లెక్కనే సన్న గొంతుండె బిడ్డా. గుండు విసురుడు నేర్పిన సారు బలం సూదులని చెప్పి ఇచ్చిండు. ఏం సూదులని నేను అడగలె. ఏడాదిల గెల్చిన, పేపర్ల ఫోటో గూడ పడ్డది. గొంతు మారింది, నెలసరి ఆగింది. పిల్లలు గాలేదని పెండ్లి చేసుకున్నోడు ఇడిచిపెట్టి పోయిండు. గదంత ఓర్సుకున్న.” కాసేపు బియ్యాన్ని వేళ్లతో కదిపారు. “కానీ గెల్చిన రోజు గుండు పడ్డ దూరంల నాదెంత, సూదిదెంత, నాకిప్పటికి తెల్వది. ఎవల్ని అడగాలె?”

మంచాల మధ్య నేను తీసిన గొంతు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. క్షమించమని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

“అందరికి ఇయ్యొచ్చంటున్నవ్. ఇస్తే, నాకొద్దు అనే పిల్ల ఏడికి పోవాలె? గ్రౌండ్ బయటికేనా?” అన్నారు. మళ్లీ ఆమే, “తీస్కుంటవో లేదో నీ ఇష్టం. అన్ని తెల్సుకొని నువ్వే చెప్పు. నన్నైతే ఎవలు అడగలె,” అన్నారు.

నేను తీసుకోలేదు. జనగామలో నాలుగోదాన్నయ్యాను. సునీత రెండోది. చూడటానికి వచ్చిన బాపు నాతో ఏమీ మాట్లాడకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు. నీళ్ల ట్యాంకర్ వెనక నిలబడి ఏడుస్తుంటే మేడం వచ్చారు. “మీ వల్లనే పోయింది నాకు!” అని అరిచాను. “అవ్ బిడ్డా, నా వల్లనే,” అన్నారు. అంతే, వాదించలేదు. నన్ను కూర్చోబెట్టి, బూట్లు విప్పి, నా పాదాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నొక్కుతూ ఉండిపోయారు.

సునీతకు ఉద్యోగం వచ్చింది. ఇద్దరు పిల్లలు, ఆరోగ్యంగానే ఉంది. అలా ఉండకూడదని కొన్నాళ్లు కోరుకున్నాను కూడా; ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నేను ఏళ్ల తరబడి చదివి, ఆలస్యంగా ఈ కొలువులో చేరాను. మేడం రెండేళ్ల కింద పోయారు. ఆ కబురు సునీతే ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత అది అడిగింది: “స్వరూపా, గప్పుడు నేను గూడ తీస్కుంటే మంచిగుండు అని నీకెప్పుడన్న అనిపిస్తదా?”

“బాపు మొఖం యాదికొస్తే అనిపిస్తది,” అన్నాను.

“నాకైతే, సూది లేకుంటే ఎంత ఉరికేదాన్నో తెల్సుకోవాలని ఉంటది,” అంది సునీత.

నా దగ్గర రాష్ట్ర జట్టు సర్టిఫికెట్ లేదు, పేపర్లో ఫోటో లేదు. జనగామలో మూడో అమ్మాయి వీపు చేతికందేంత దూరంలో ఉండగా, ఊపిరి ఆడక, తొడలు మండుతుంటే, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పరుగెత్తిన చివరి వంద మీటర్లు ఉన్నాయి. అందులో నాది కానిది ఏదీ లేదు.