తొమ్మిది మంది గోలీల సారు

సారు పోయారన్న కబురు నాకు హైదరాబాదులో ఒక ఆఫీసు వరండాలో తెలిసింది. చేతిలో కాగితాలతో వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందు ఇంకా ఆరుగురున్నారు. ఫోనులో సారమ్మ. సారు భార్యను మేమంతా అలాగే పిలుస్తాం. "డయాలసిస్ మిషన్ మీద ఉండంగనే పోయిండు బిడ్డా. బీపీ పడిపోయిందంట. నువ్వు ఇగ వచ్చెయ్యి" అంది. సరేనన్నాను. కానీ వరుసలోంచి కాళ్లు కదల్లేదు. నా వంతు వచ్చాక కాగితాలు కిటికీలోంచి లోపలికి ఇచ్చేశాను. నా కిడ్నీ ఒకటి ఆయనకు ఇస్తానని రాసిన కాగితాలవి.

సారు దేవరకొండ సర్కారు బడిలో ఆటలు నేర్పి రిటైరయ్యారు. క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని ఊళ్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బును చివరిదాకా నడిపారు. దాని పేరు చెప్పినా మీకు తెలియదు, అది పెద్ద కప్పులేవీ గెలవలేదు. ఆయన కూడా ఒకప్పుడు గోల్‌కీపరే. గోల్ కొట్టినవాళ్ల పేర్లు మరిచిపోయేవారు గానీ కీపర్లను మరిచేవారు కాదు. క్లబ్బు పుట్టినప్పటి నుంచి మేం తొమ్మిది మందిమి. అందరినీ "గోలీ" అనే పిలిచేవారు.

మా తొమ్మిది మందిలో ఎవరు గొప్ప అనేదానికి ఆయన దగ్గర ఒక వరుస ఉండేది. ఒకటో నంబరు ఇప్పుడు హైదరాబాదులో టైల్స్ మేస్త్రి. రెండో నంబరు బస్సు డ్రైవర్. ఐదు నుంచి తొమ్మిది దాకా సారు మనసును బట్టి మారేవి. పైనున్న నాలుగూ కదిలేవి కావు. నాలుగో నంబరు నేను, తొమ్మిది మందిలో ఒక్కగానొక్క ఆడపిల్లను.

మా అమ్మ బత్తాయి తోటల్లో కూలి చేసేది. బడి లేని రోజుల్లో నేనూ వెంట పోయేదాన్ని. చెట్టెక్కినవాళ్లు విసిరిన కాయలను కింద పడనియ్యకుండా పడుతుంటే తోట పక్కన పోతున్న సారు చూశారట. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు.

"గోల్ కాడ నిలవెడ్తనమ్మా మీ బిడ్డను."

"ఆడివిల్లకు గోలేంది సారూ? ఇంట్ల గోల సాలదా?" అంది అమ్మ.

సారు పడీపడీ నవ్వారు. "నెల దినాలు తోలియ్యి. నచ్చకపోతె నేనే తెచ్చి ఇంటికాడ దించుత."

ఆ నెల పూర్తయిందో లేదో అమ్మ మళ్లీ అడగలేదు.

మహబూబ్‌నగర్‌లో ఒక పోటీలో సగం ఆటకే ఐదు గోల్స్ తిన్నాను. గ్లౌజులు విసిరేసి, జట్టు వచ్చిన వ్యాను ఎక్కి కూర్చున్నాను. సారు వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. ఒక్క మాట తిట్టలేదు. "ఇంకొకరిని పంపను గోలీ. నువ్వు పోకపోతె ఆ జాగా ఖాళీగనే ఉంటది" అన్నారు. ఏడుస్తూనే పోయాను. ఇంకో రెండు గోల్స్ తిన్నాను. తిరిగొచ్చేటప్పుడు జట్టంతా నిద్రపోయాక, "బంతి నీ ఎనక పడ్డంక నువ్వేం చేస్తవో గదే ఆట" అన్నారు. నేను చదువుకున్నదీ, పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం తెచ్చుకున్నదీ ఆ మాట పట్టుకునే. రెండుసార్లు పరీక్ష తప్పి మూడోసారి గట్టెక్కాను.

సారు కిడ్నీలు పాడయ్యాక మా ఊరి దవాఖానలోనే డయాలసిస్. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు. మేం వంతులు వేసుకుని పక్కన కూర్చునేవాళ్లం. నీళ్లు తాగనివ్వరు కదా, దప్పికకు పెదవులు తడుపుకుంటూ, ఆ దప్పిక మరవడానికి కీపర్ల వరుస ఎత్తేవారు. మంచం చుట్టూ పెద్ద లొల్లి అయ్యేది. నర్సు మాత్రలు పట్టుకొచ్చి "గోలీ ఏసుకున్నరా సార్?" అంటే నన్ను చూపించి "గీ గోలీ మింగుడు పడదు" అనేవారు.

కిడ్నీ మారిస్తే తప్ప లాభం లేదన్నారు డాక్టర్లు. సారమ్మకు షుగరు. కూతురి రక్తం కలవలేదు. నాది కలిసింది. మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున, "ఆయన రాకపోతె నువ్వియ్యాల బత్తాయిలు ఏరుతుంటివి. ఏడ సంతకం పెట్టాలె, పా" అంది.

ఒప్పుకోనిది సారే. "నీ పానం మీదికి తెచ్చి నేను బతకాల్నా? పో ఈడికెంచి" అని నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు మిషన్ మీద ఉండగా కాళ్లు కొంకర్లు పోయాయి. నొప్పికి నా మణికట్టు పట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని, "బతకాలనుంది గోలీ" అన్నారు. ఆయన నోట అంత చిన్న గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు నుంచి నేను ఆఫీసుల చుట్టూ పరుగెత్తాను. రక్తసంబంధం లేనివాళ్లు ఇవ్వాలంటే కమిటీ ఒప్పుకోవాలి. "ఆయన మీకు ఏమవుతారు?" అని కాగితంలో ఒక గడి. సారు అని రాశాను. సంబంధం రుజువు కావాలని వెనక్కి పంపారు. జట్టు ఫొటోలు పెట్టాను. ఇంకో సంతకం కావాలని మళ్లీ వెనక్కి వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, చట్టం అట్లాంటిది. సారు మాత్రం వారం వారం తరిగిపోతున్నారు. నేను బస్సులో కూర్చుని కనపడిన దేవుడికల్లా మొక్కేదాన్ని.

పోవడానికి మూడు రోజుల ముందు, ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగాను. "నేను నాలుగే ఎందుకు సార్?"

కళ్లు తెరవకుండానే చెప్పారు. "నడుమ గ్లౌజులు ఇడిశినవు. గందుకే ఒకటి కాదు. మళ్ల తొడుక్కున్నవు. గందుకే తొమ్మిది కాదు."

"ఇప్పుడన్నా మార్చరా?"

"కిడ్నీ ఇస్తె నంబరు పెరగదు. ఆట ఆటనే" అన్నారు. పెదవుల చివర నవ్వు.

చర్చి వెనక సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు ఎనిమిది మందిమి ఉన్నాం. మూడో నంబరు గల్ఫ్‌లో ఉన్నాడు, ఫోనులో చూస్తూ ఏడ్చాడు. ముందు ఎవరు వేయాలో తెలియక అందరం మేస్త్రి వైపు చూశాం. "నాతోని కాదు" అని వాడు అక్కడే కూలబడ్డాడు. చివరికి సారమ్మే వాడి చెయ్యి పట్టి మట్టి వేయించింది.

తర్వాతి వారం నేను పనిచేసే ఊళ్లో మంచినీళ్ల మోటారు దగ్గర ఉండగా ఫోను మోగింది. కమిటీ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి. "అమ్మా, మీకు తేదీ వచ్చింది. గురువారం పేషెంటును తీసుకుని కమిటీ ముందుకు రండి" అన్నాడు, ఎంతో సంతోషంగా.

"ఆయన లేరు సార్."

"ఎప్పుడు పోయిండమ్మా?"

చెప్పాను. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. "మీరు ఇవి ఇచ్చింది గూడ గా రోజే గదా?"

"అవును సార్."

"మరి... ఫైలు బంద్ చెయ్యమంటరా తల్లీ?"

అవునని ఒక్క మాట అనాలి. నోరు తెరిచాను, రాలేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. అతను ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.