నేను పైసల్ దండుగన్న సినిమా

మొన్న ఆదివారం మా కోడలు మంచిర్యాలలో సినిమాకు పోదామని ఇంటిల్లిపాదినీ తయారుచేసి, తీరా చెప్పులు తొడుక్కునే వేళకు ఫోను తీసి చూసి, "మామా, గిది బాగలేదంటున్నరు, వద్దు తియ్" అని చెప్పి చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. ఎవరంటున్నారమ్మా అని అడిగితే, చాలామంది అంటున్నారని చెప్పింది గానీ ఆ చాలామందిలో ఒక్కరి పేరూ ఆమెకు తెలియదు. ఏ ఊళ్లో కూర్చున్నారో, సినిమా చూశారో లేదో, ముఖమెరుగని మనుషులు వద్దన్నారని నస్పూరులో మా ఇల్లు సినిమా మానుకుంది. నాకు ముందు నవ్వొచ్చింది, తరువాత ఆ నవ్వు ఎటో పోయింది. మన ఈడువాళ్లతో చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల కాలనీలన్నిటికీ ఆ ఫోను నేనే.

నాకు బాయి మీద ల్యాంపురూములో కొలువు ఉండేది. బాయి అంటే మా వైపు బొగ్గుగని. లోపలికి దిగే ప్రతి మనిషీ మా కిటికీ దగ్గర తన నంబరున్న బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే లైటు తీసుకోవాలి, పైకి వచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ల తీసుకోవాలి. అట్లా దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి నా మొహం చూడక ఎవరికీ తప్పేది కాదు. నాకు బీడీ లేదు, కల్లు లేదు, ఉన్నది ఒక్కటే పిచ్చి, సినిమా. శుక్రవారం వచ్చిందంటే షిఫ్టు దిగీ దిగకముందే సైకిలెక్కి స్టేషను దగ్గరి టాకీసుకు పోయి కొత్త బొమ్మ మొదటాట చూడవలసిందే. శనివారం పొద్దున కిటికీ దగ్గర బిళ్లతోపాటు ప్రతివాడూ ఒకటే మాట వేసేవాడు, ఎట్లుందని. నా దగ్గర జవాబులు మూడే ఉండేవి. బాగుంటే పోవచ్చు, అటూ ఇటూ అయితే పొద్దు పోతది, బాగాలేకపోతే పైసల్ దండుగ. అంతకన్నా ఎక్కువ చెప్పడానికి వెనక వరుస ఊరుకునేది కాదు. ఆ మూడు మాటలతోనే సినిమా ఆడడమో ఎత్తివేయడమో జరిగేదంటే మీరు నమ్మరు గానీ, మా టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన నాకు ఊరికే చాయ తాగించేది అందుకే.

గర్వం ఉండేదా అంటే, ఉండేది, దాచుకోవడమెందుకు. ఒకసారి మహా పెద్ద హీరో బాయి కార్మికుడుగా వేసిన రంగుల సినిమా వస్తుందని నెల రోజుల ముందునుంచే కాలనీలన్నీ ఊగిపోయాయి, మన కథ ఇన్నాళ్లకు తెర మీదికి వచ్చిందని ముసలివాళ్లు కూడా కొత్త ధోతులు కట్టుకొని వచ్చారు. హీరో ఇస్త్రీ మడత నలగని చొక్కాతో బాయిలోకి దిగాడు, పోనీలే అనుకున్నాం. కన్నీళ్లు పెట్టుకున్నాడు, సరే అనుకున్నాం. ఆ తరువాత బొగ్గు గోడకు ఆనుకొని జేబులోంచి అగ్గిపెట్టె తీసి దర్జాగా బీడీ ముట్టించాడు. మీకు తెలియనిదేముంది, బాయి గేటు దగ్గర బట్టలన్నీ తడిమి ఒక్క అగ్గిపుల్ల దొరికినా కొలువు తీసేసే కాలమది, లోపలి గాలికి నిప్పంటుకుంటే శవాలు కూడా పైకి రావు. మా వెనక బెంచీలో ఒక ముసలాయన లేచి నిలబడి, "ఆర్పుర బాడ్కావ్, అందరం సస్తం!" అని తెర మీదికి అరిచాడు. ఆయన తమాషాకు అరవలేదు, నిజంగానే భయపడ్డాడు. ఆ తరువాత హాలంతా నవ్వుతూనే ఉంది, హీరో తల్లి చచ్చిపోయినా నవ్వే. మరునాడు కిటికీ దగ్గర నేను నోరు తెరవవలసిన పని కూడా పడలేదు.

అట్లాగే ఏ ఆశా లేకుండా పోయిన సినిమాలు కొన్ని గుండెలో గూడు కట్టుకున్నాయి. ఎక్కడో అరవంలో తీసి మనకు మాటలు అతికించిన సినిమా ఒకటి, పెదవులు ఒక దారి, మాటలు ఒక దారి, మొదటి పావుగంట జనం ఈలలు వేశారు. అందులో ఒక తండ్రి కూతురికి సైకిలు నేర్పుతూ వెనక పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదిలిపెట్టాడో ఆ పిల్లకూ తెలియలేదు, మాకూ తెలియలేదు. తెలిసేసరికి హాల్లో ఈలలు లేవు. నేను పోవచ్చని చెప్పినందుకు ఆ సినిమా మా దగ్గర రెండు వారాలు ఆడింది, ఆ రెండు వారాలూ నేను నేల మీద నడిచానో లేదో నాకు గుర్తులేదు.

ఇంట్లో కూడా నాదే చెల్లుబాటు. మొదట నేను చూసి పాసు చేస్తేనే మా అవ్వా, అంటే అమ్మా, అక్కా పోవాలి, అది మా ఇంట్లో కట్టుబాటు. మా అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. మాది సిరిసిల్ల దిక్కు సాలెల ఇల్లు. అక్కకు పెళ్లయిన మూడో ఏడు బావ మరమగ్గాల పనికి బొంబాయి దగ్గరి భీవండి పోయాడు. ఏడాది దాకా ఉత్తరాలు వచ్చాయి, తరువాత ఆగిపోయాయి. అత్తగారింట్లో మాటలు పడలేక అక్క మా దగ్గరికి వచ్చి బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది. పండుగకు భీవండి నుంచి ఎవరు దిగినా పోయి అడిగేది. కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టింది. ఇవన్నీ ఒక ఎత్తు, సినిమా ఒక ఎత్తు. చాట ఒళ్లో పెట్టుకొని ఆకు కత్తిరిస్తూ, "ఎట్లున్నదిరా తమ్మీ, పోదామా?" అని అడిగేటప్పుడు మాత్రమే అక్క మొహంలో పెళ్లికి ముందటి అక్క కనిపించేది.

ఒక ఏడు చలికాలంలో భీవండి నుంచి వచ్చిన మనిషొకడు మంచిర్యాల స్టేషనులో నన్ను పక్కకు పిలిచి, బావ అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడనీ, వాళ్లకు పాలు తాగే బిడ్డ ఉందనీ చెప్పాడు. నేను అవ్వకు చెప్పాను. అవ్వ నా చెయ్యి తన నెత్తిమీద పెట్టుకొని, "చెప్పకు బిడ్డా, ఎరుకైతె పానం తీసుకుంటది. వాడే తిరిగి తిరిగి వస్తడు, గప్పటిదాక నోరు మూసుకో" అన్నది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అవ్వ నెత్తి మీద ఒట్టు దాటే ధైర్యం నాకు లేదు, నిజం చెప్పాలంటే అక్క మొహం చూస్తూ ఆ మాట చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. ఒట్టు నాకు మంచి సాకు అయింది.

సరిగ్గా అప్పుడే అక్కకు సంబంధం వచ్చింది. మా బాయి మీదే పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు, భార్య కాన్పులో పోయింది, పిల్లలు లేరు, తాగుడు లేదు, నెమ్మదైన మనిషి. రోజూ నా చేతినుంచే లైటు తీసుకునేవాడు. వాళ్ల తల్లి మా ఇంటికి వచ్చి, కులపెద్దలతో మాట్లాడి ఇడుపు కాయితం తీసుకుంటే మారుమనువు చేసుకుందామని తానే అడిగింది. మా కులంలో అది తప్పు కాదు, ఆ కాయితంతో పాత పెళ్లి తెగిపోతుంది. అక్క చాట పక్కన పెట్టి, "నా మొగడు బతికుండంగ గివేం ముచ్చట్లు? ఆయన వస్తడు" అని లేచిపోయింది. అవ్వ నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను.

ఆ నెలలోనే ఆ సినిమా వచ్చింది. రంగుల కాలంలో నలుపూ తెలుపూ, పేరు తెలిసిన మనిషి ఒక్కడు లేడు, పోస్టరు మీద ఒక మగవాడి అంగీ చేతిలో పట్టుకొని నిలబడ్డ ఆడమనిషి. హాల్లో పదకొండు మందిమి ఉన్నాం, లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. కథ ఏమీ లేదు. పట్నం పోయిన మొగుడి కోసం ఒకామె ఎదురుచూస్తుంది, అతని అంగీని ఉతకకుండా దాచుకుంటుంది. చివరికి వెతుక్కుంటూ తనే పోతుంది. ఒక సందులో అతను ఇంకొకామె ఇంటి ముందు గొంతుకూర్చొని స్టవ్వు బాగుచేస్తుంటాడు, పక్కన పసిబిడ్డ. ఈమె పిలవదు, ఏడవదు. దారిన పోయేవాణ్ణి బస్సు ఎన్నింటికని అడుగుతుంది, అంతే. ఇంటికి వచ్చి ఆ అంగీని ఉతికి ఆరేస్తుంది, మరునాడు దాన్ని ఎవరికో ఇచ్చేసి, తలదువ్వుకొని పనికి పోతుంది. పాట లేదు, పెద్ద మాట లేదు. నేను అప్పటివరకు చూసినవాటిలోకెల్లా మంచి సినిమా అది, ఇప్పటివరకు చూసినవాటిలో కూడా.

సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. అక్క చాట ముందు కూర్చొని ఎప్పటిలాగే అడిగింది. ఆ బొమ్మ చూస్తే అక్కకు సగం తెలిసిపోతుంది, మిగతా సగం నా మొహం చూసి తెలుసుకుంటుంది. పైసల్ దండుగ అన్నాను. అక్క సరేనని ఇంకో ఆకు తీసుకుంది.

ఇంట్లో ఒక మాట, కిటికీ దగ్గర ఒక మాట చెప్పడానికి వీల్లేదు, కాలనీ ఆడవాళ్లు బాగుందని మెచ్చుకుంటే అక్క వాళ్లతో పోతుంది. కాబట్టి మరునాడు అడిగిన ప్రతివాడికీ అదే మాట చెప్పాను. వరుసలో ఆ దుంగల పని ఆయన కూడా వచ్చి అడిగాడు. ఆయనకూ అదే చెప్పి లైటు చేతికిచ్చాను. మూడో రోజుకు సినిమా ఎత్తివేశారు. ఆయన ఇంకో ఏడాది చూసి లక్సెట్టిపేట పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్లిలో మా అక్క కూడా నిలబడి అందరికీ బువ్వ వడ్డించింది.

తరువాత ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. అవ్వ చనిపోయిన ఏడు చెబుదామనుకున్నాను, నా పెళ్లయ్యాక అనుకున్నాను, కొలువు దిగినప్పుడు అనుకున్నాను. ఆలస్యమైన కొద్దీ ఆ మాటతోపాటు ఇన్నేళ్లు దాచిన తప్పు కూడా చెప్పాలి కదా, అందుకని ఇంకా వెనక్కి పోయేవాణ్ణి. బావ రాలేదు. చచ్చాడో బతికాడో నాకిప్పటికీ తెలియదు.

పోయిన ఏడు ఒక మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. మొదటి బొమ్మకే గుర్తుపట్టి మార్చబోయాను. అక్క, "ఉండనియ్యి, గామె మొకం మంచిగున్నది" అన్నది. చూపు మందగించింది కదా, టీవీకి దగ్గరగా పీట వేసుకొని మొత్తం చూసింది. సందులో స్టవ్వు బాగుచేసే చోట నేను అక్క వీపునే చూస్తూ కూర్చున్నాను, ఆ వీపు కదలలేదు. అయిపోయాక అటు తిరిగే అడిగింది.

"గిది గప్పుడు నువ్వు పైసల్ దండుగన్న సిన్మనే గదరా? అంగీ పట్టుకున్న పోస్టరు మా బీడీల కంపెనీ గోడకుండె. మంచిగనే ఉన్నది గద, ఎందుకట్లన్నవు?"

నేను టీవీ ఆపాను. అక్క అప్పుడు నా వైపు తిరిగింది.

"నీకు ఎరుకేనా?"

తల ఊపాను.

"అవ్వకు?"

మళ్లీ ఊపాను.

"నాకొక్కదానికే ఎరుక లేకపాయె" అని, వేళ్ల మీద లెక్కపెట్టుకొని, "గా నెలనే గదరా నన్ను మనువుకు అడిగింది" అన్నది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే ఎంత బాగుండేది. ఏడ్చింది నేను. "ఇప్పుడు ఏడిస్తే ఏమొస్తదిరా" అని అక్క పీట తీసి గోడకు ఆనించింది. అందులో ఓదార్పు లేదు, కోపమూ లేదు, ఏమీ రాదన్న సంగతి ఒక్కటే ఉంది.

ఇప్పుడు కాలం మారిపోయింది, ఒక్కడి మాట మీద ఆడవాళ్లు సినిమా చూడడమూ మానడమూ లేదు. ఎవరు వద్దన్నా మా కోడలు మనసుపడితే అదే ఫోనులో ఆ సినిమానే చూసుకుంటుంది, నచ్చిందో లేదో తనే చెబుతుంది, నన్నయితే ఎవరూ అడగరు. మంచిదే, నాలాంటివాడి చేతిలో ఇంకెవరి బతుకూ పడకూడదు. కానీ ఆ మంచి కాలం మా అక్కకు అక్కరకు రాలేదు. ఎప్పుడు చూసినా సినిమా ఒకటే అంటారు, అబద్ధం. ఆట విడిచాక పోవడానికి మనిషికి ఒక దారి మిగిలి ఉండాలి. ఇరవై ఆరేళ్లప్పుడు అక్కకు ఆ దారి ఉండేది, దానికి అడ్డంగా నేను నిలబడ్డాను. డెబ్బయి దాటాక ఆమె ఆ సినిమా చూసి, లేచి, చాట తీసుకొని బియ్యం ఏరడానికి పోయింది.