కన్జి వాడిన క్రియ

ఒనోమిచి ఊళ్ళో, కొండవాలు సందులో ఫుసయె, ఆమె భర్త కన్జి వేడినీళ్ళ స్నానశాల నడిపేవారు. ఏం చేస్తుంటారని అడిగితే ఫుసయె, "నీళ్ళు కాస్తామండీ" అని ఊరుకునేది. కన్జి మాత్రం గొంతు సవరించుకుని, వాళ్ళ భాషలోని 'ఇతోనము' అనే క్రియ వాడేవాడు. కొట్టు నడపడం, కాపురం నడపడం, పోయినవాళ్ళకు కర్మ జరపడం, అన్నిటికీ ఆ మాటే. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేవాళ్ళు తమ పనికి దాన్ని వాడరు. ఒకచోట నిలబడి, రోజూ తలుపు తీస్తూ ఏళ్ళ తరబడి సాగించినదానికే అది నప్పుతుంది.

"నీళ్ళు కాచేవాడికి అంత పెద్ద మాటెందుకయ్యా?" అని చాపలు అల్లే యసాకు ఏడిపించేవాడు.

"ఒళ్ళు కంపుకొడితే నా దగ్గరికేగా వస్తావు" అనేవాడు కన్జి.

ఇళ్ళలో స్నానపు తొట్లు వచ్చాక జనం పల్చబడ్డారు. ఒక చలికాలం సాయంత్రం కన్జి పొయ్యిగదిలో కట్టెలు ఎగదోస్తూ ఒరిగిపోయాడు. ఫుసయె వెళ్ళేసరికే ఊపిరి లేదు. అవతల తొట్టిలోంచి ఎవరో గోడ తట్టి, "నీళ్ళు చల్లారుతున్నాయి" అన్నారు. ఆమె ముందు రెండు కట్టెలు పొయ్యిలో వేసింది. ఆ తర్వాతే కేక పెట్టింది. ఆ కట్టెలు ఎందుకు వేశానా అని తర్వాత ఎన్నాళ్ళో కుమిలింది.

ఒంటరిగానే పొయ్యి రాజేస్తూ వచ్చింది.

"మూసెయ్ వదినా. నా ఒక్కడికోసం ఇన్ని నీళ్ళు కాస్తావా?" అన్నాడు యసాకు.

"ఆయన నడిపింది నా చేతిలో ఆగకూడదు."

కొన్నాళ్ళకు యసాకూ మంచం పట్టాడు. ఆ రోజు కాచిన నీళ్ళలో ఎవరూ దిగలేదు. పొద్దుపోయాక తూము తీసి వదిలేసింది. మర్నాడు పొయ్యి ముట్టించలేదు.

ఏడాది కావస్తుండగా గుడి స్వామి ఫోన్ చేశాడు. "కన్జిగారి సంవత్సరీకం ఎప్పుడు జరిపిద్దామమ్మా?" అన్నాడు, ఆ క్రియనే మర్యాదగా వాడి.

"ఇక నావల్ల ఏదీ నడవదు స్వామీ."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. అదే బాధ."

అయినా ఆ రోజుకు స్వామి తనే వచ్చి మంత్రాలు చదివి వెళ్ళాడు. ఇంకెవరూ రాలేదు. వచ్చేవారికని చేసిన అన్నం ముద్దలు పళ్ళెంలోనే ఎండిపోయాయి. ఫుసయె దీపం ఆర్పి, బట్టలు మార్చుకునే గదిలో చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. బయట ఇంకా మధ్యాహ్నం ఎండే ఉంది.