బొక్కెన కోసం కొట్లాడని ఊరు

మీమూనా చేతికింద పడని వీపు మా పేటలో లేదు. మా ఊరు ఊజ్దాలో, నిమ్మచెట్టు సందు చివరనున్న ఆవిరి స్నానాల హమ్మామ్‌లో ఆమె తల్లి ఆడవాళ్ళ ఒళ్ళు తోమేది. తల్లి పోయాక ఒళ్ళు తోమే గరుకు తొడుగు కూతురి చేతికెక్కింది, తోముతూ తిట్టే తిట్లు నోటికెక్కాయి. వేడి గదిలో, సెగనీళ్ళ తొట్టి పక్కనున్న గచ్చు ఆమె సింహాసనం. ఎవరి తొడ మీద పుట్టుమచ్చ ఉందో, ఎవరి మొగుడు ఎన్నాళ్ళుగా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడో ఆమెకు తెలియంది లేదు. కొడుక్కి పిల్లను వెతికే తల్లులు ముందు ఆమెనే అడిగేవారు. పిల్ల నోరు మూసుకున్నంతసేపూ బాగానే ఉంటుందని ఆమె అన్నదంటే ఆ సంబంధం అక్కడితో సరి.

ఆమెకు కలిసిరానిది మొగుళ్ళ విషయమొక్కటే. మొదటివాడు చచ్చాడు. రెండోవాడు సరిహద్దు అవతల నుంచి దొంగ పెట్రోలు తెస్తానని వెళ్ళాడు. పెట్రోలూ రాలేదు, వాడూ రాలేదు.

అలాంటి సమయంలో మేనకోడలు బ్రస్సెల్స్‌లో మనవాళ్ళ కోసం ఒక హమ్మామ్ తెరిచి, నీ చేతులు కావాలత్తా అని పిలిచింది. మీమూనా ఎగిరిపోయింది. రెండు చలికాలాలు అక్కడ గడిపి, మూడోది మొదలవకముందే పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఎందుకొచ్చావంటే మోకాళ్ళంది, వానంది. ఆ మోకాళ్ళు ఇక్కడున్నప్పుడూ అవే కదా అని నేను అనలేదు. అప్పటికింకా జాలిపడుతున్నాను.

వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పారాయణం. అక్కడ ట్రాము చెప్పిన వేళకు వస్తుందట. కొళాయి తిప్పితే సెగనీళ్ళట, బొక్కెన కోసం ఎవరూ కొట్లాడరట. ఫోన్ చెయ్యకుండా ఒకరింటికి ఒకరు పోరట, ఏం వండావని అడగరట. అక్కడి పిల్లులు కూడా లావుగా, ఎవరితోనూ పనిలేనట్టు కిటికీల్లో కూర్చుంటాయట. మా పిల్లులు చేపల బజారులో కుస్తీ పడి బతుకుతాయి, వాటికి కిటికీ ఎవరిస్తారు? నేను బ్రస్సెల్స్ మొహం చూడలేదు. అయినా వినీ వినీ ఆ ఊరి వీధుల్లో తిరిగినట్టు కాళ్ళు లాగేవి.

అసలు సంగతి ఇంకోటుంది. అక్కడున్నన్నాళ్ళూ ఆమె మా ఊరి గురించే మాట్లాడేదట. వేసవిలో వచ్చినప్పుడు మేనకోడలే మొత్తుకుంది. అక్కడి పుదీనాకు వాసన లేదనీ, రొట్టె దూదిలా ఉందనీ, ఆకాశానికి ఎవరో గోనెపట్టా కప్పారనీ నస పెట్టేదట. రెండు ఊళ్ళనూ ఏడిపించగల మనిషికి ఎక్కడున్నా కాలక్షేపమే.

కానీ తిరిగొచ్చేసరికి గచ్చు పోయింది. హమ్మామ్ యజమానురాలు హజ్జా జోహ్రా ఆ చోటును నజాత్ అనే పడుచుదానికి ఇచ్చేసింది. మీమూనా బతిమాలింది. హజ్జాది మెత్తని మనసు, గట్టి లెక్క. రేపు సుకైనా పెళ్ళిస్నానం ఉంది, ఆ పిల్ల నాయనమ్మ లల్లా రహ్మాను మెప్పిస్తే చోటు నీది, లేకపోతే గుమ్మం దగ్గర కూర్చుని బట్టల మూటలకు కాపలా కాసుకో అంది. ఒళ్ళు తోమే మనిషిని మూటలు కాయమనడం వంటమనిషిని ఎంగిళ్ళు ఎత్తమన్నట్టే.

పెళ్ళిస్నానానికి మేమంతా వెళ్ళాం. కొవ్వొత్తులు, గోరింటాకు, గోడలు అదిరే పాటలు. సుకైనాను గచ్చు మీద పడుకోబెట్టారు. మీమూనా నల్ల సబ్బు పూసి, తొడుగు వేసుకుని, వంగి ఆ పిల్ల చెవిలో ఏదో అడిగింది. నేను దగ్గరే ఉన్నాను కాబట్టి విన్నాను. నొప్పిగా ఉందా తల్లీ, నీళ్ళు సరిపోయాయా, వీపు తోమనా అని అడుగుతోంది. ఒక్కో మాట అడిగి జవాబు కోసం ఆగుతోంది. తొడుగు పట్టుగుడ్డలా జారుతోంది. ఒక్క మట్టివత్తు రాలలేదు. ఒక్క తిట్టు లేదు, కాబోయే మొగుడి మీద ఒక్క మోటు మాట లేదు. ఆ తర్వాత అడగడం కూడా మానేసి పెదాలు బిగించుకుంది. చుట్టూ పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నీళ్ళ చుక్కల చప్పుడొక్కటే మిగిలింది.

లల్లా రహ్మా లేచి నిలబడింది.

"ఆపవే. నా మనవరాల్ని మొగుడి దగ్గరికి పంపుతున్నా, గోరీలోకి కాదు."

అప్పుడు మాకందరికీ తట్టింది. అంత మెల్లగా, మాటా పలుకూ లేకుండా మేము స్నానం చేయించేది చచ్చినవాళ్ళకే. పెళ్ళికూతురు ఏడుపు అందుకుంది. ఎవరో కొవ్వొత్తులు ఆర్పేశారు. హజ్జా వేలితో గుమ్మం వైపు చూపించింది.

సాయంత్రం మీమూనాను నేనే ఇంటిదాకా తీసుకెళ్ళాను. గుమ్మంలో తాళంచెవి వెతుక్కుంటూ అంది.

"అక్కడ నన్ను ఒక్కరూ తిట్టలేదు పిన్నీ. బాగా తోమినా థాంక్సే, తోమకపోయినా థాంక్సే. గట్టిగా రుద్దితే మేనకోడలొచ్చి మెల్లగా అత్తా అనేది. మాట్లాడితే నిద్రపోతున్నారు అత్తా అనేది. నేనున్నానో లేదో నాకే తెలిసేది కాదు."

"మరి వచ్చేదానివి పాత చేతులు తెచ్చుకోకపోయావా?"

"ఎక్కడున్నాయో తెలిస్తే తెచ్చుకోనా?"

మోకాళ్ళూ కాదు, వానా కాదన్నమాట.

మర్నాడు పొద్దున్నే లల్లా రహ్మా మనవరాల్ని మళ్ళీ తీసుకొచ్చింది. శవస్నానం చేసిన ఒంటితో పిల్లను అత్తారింటికి పంపనని, ఈసారి నజాత్ తోమాలని అంది. మీమూనా గుమ్మంలో మూటల మధ్య మరో మూటలా కూర్చుని ఉంది. నజాత్ కనుక పెళ్ళికూతుర్ని తోమితే ఆ గచ్చు ఇక ఎన్నటికీ తిరిగి రాదు. ఆ సంగతి మీమూనాకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను తిన్నగా వెళ్ళి గచ్చు మీద బోర్లా పడుకున్నాను. ముందు నా వీపు, తర్వాత పెళ్ళి అన్నాను. నా వయసుకు హజ్జా ఎదురు చెప్పలేదు. నజాత్ తొడుగు తీసుకుంటుంటే, నాకు మీమూనా కావాలన్నాను. లల్లా రహ్మా నవ్వింది. ఈ ముసలిదానికి ఆ స్నానమే సరైనది, ఎలాగూ దగ్గరపడింది కదా అంది. పడనీ అనుకున్నాను.

మీమూనా వచ్చింది. నింపుకున్న బొక్కెన పక్కన పెట్టుకుని, పిల్లికూనను నిమిరినట్టు మొదలుపెట్టింది.

"నొప్పిగా ఉందా పిన్నీ?"

నేను చెయ్యి చాచి ఆమె బొక్కెన లాక్కుని, అందులోని సెగనీళ్ళన్నీ నా నెత్తిన కుమ్మరించుకున్నాను. ఖాళీ బొక్కెనను నజాత్ వైపు దొర్లించాను.

అంతే, మీమూనా నోట ఆమె తల్లి గొంతు లేచి ఆ హమ్మామ్ పైకప్పుకు తగిలింది.

"ఓసి ముసలి దొంగా, అది నా బొక్కెనే! తొట్టి దగ్గర తన్నులాడి తెచ్చుకున్నా! ఏళ్ళ తరబడి ఒంటికి మట్టి పెంచుకుని, నీళ్ళు మాత్రం నావి కావాలా? పడుకో, కదిలావంటే చర్మం ఒలిచి నీ చేతికిస్తా."

ఇచ్చినంత పనీ చేసింది. తొడుగు నా వీపు మీద రంపంలా తిరిగింది. వత్తులు వత్తులుగా రాలిన మట్టిని నా ముక్కు ముందు పోసి, ఇంత మట్టిలో ముల్లంగి పండించొచ్చని అందరికీ చూపించింది. నా మొగుడు బతికుండగా నన్ను ఎలా భరించాడో అడిగింది. చచ్చి బతికిపోయాడని తనే చెప్పింది. ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నజాత్ నవ్వలేక బొక్కెన ఎత్తుకుంది. పెళ్ళికూతురు నిన్నటి నుంచి మొదటిసారి పళ్ళు బయటపెట్టింది.

లల్లా రహ్మా నవ్వలేదు. మట్టి కుప్పను చూసింది, నా ఎర్రని వీపును చూసింది. తర్వాత మనవరాలి భుజం మీద చెయ్యేసి ముందుకు తోసింది.

"ఈ ముసలిదాన్ని లేపి దీన్ని పడుకోబెట్టు. ఇలాగే తోమాలి. తిట్లు తక్కువైతే ఒప్పుకోను."

నజాత్‌కు చల్లని గది పక్కన చోటిచ్చారు. పిల్ల మంచిదే, ఇంకా తిట్టడం నేర్చుకోవాలి.

నేను వారం రోజులు బోర్లా పడుకున్నాను. మీమూనా పరామర్శకు వచ్చింది, ఫోన్ చెయ్యకుండానే. ముందు గిన్నె మూత తీసి ఏం వండానో చూసింది. తర్వాత తీరిగ్గా కూర్చుని, బ్రస్సెల్స్‌లోనైతే వీపుకి మంచి మందు దొరుకుతుందని మొదలుపెట్టింది. ఇప్పటికీ హమ్మామ్‌లో ఆ ఊరి పేరెత్తుతుంది. ఎత్తినప్పుడల్లా నేను ఆమె బొక్కెన లాక్కుంటాను.