చివరి ట్యాంకరు దాకా నడిచిన కరుణక్క

గార్ల ఊరి బిడ్డ, మా రైల్వే వ్యాగన్ల తనిఖీ విభాగంలో సీనియర్ ఇంజనీరు కరుణ హఠాన్మరణ వార్త విని, జనగామలోని మా ఇంట్లో చేస్తున్న పని వదిలేశాను. గుండె ఆగిపోయిందట. మా ఆయన కళ్లు తుడుచుకుంటూ "బంగారం లాంటి మనిషి" అన్నారు. నా గురించి ఆయన ఎన్నడూ ఆ మాట అనలేదే అన్న అసూయ ఆ దుఃఖంలోనూ నన్ను పొడిచింది.

ఇద్దరం కలిసి ఉద్యోగంలో చేరాం. పెట్రోలు, అమోనియా వంటి ప్రమాదకర ద్రవ్యాలు మోసే గూడ్సు బండ్ల బ్రేకులు పరీక్షించి పంపడం మా విధి. పరీక్షల్లో మార్కులు నాకే ఎక్కువ. కీర్తి మాత్రం ఆమెది. సిబ్బందికి నేను "మేడం", ఆమె "కరుణక్క".

ఒకనాడు మహబూబాబాద్ మీదుగా పోవలసిన పెట్రోలు బండిలో ముందు సగం నేను, వెనుక సగం ఆమె చూశాం. నా సగం నిర్దోషంగా ఉంది. ఆమె చివరి ట్యాంకరు దాకా నడిచి, అక్కడి చక్రాలకు బ్రేకు పట్టడం లేదని కనిపెట్టింది. ఆమె సగం మధ్యలో, బ్రేకులకు గాలి అందించే గొట్టం కుళాయి మూసి ఉంది. ఆ లోపం, దాన్ని పట్టిన ఘనత ఆమె వైపే ఉండాలా!

కుళాయి తెరిచాక, బండి మొత్తం మళ్లీ పరీక్షించాలంది. పైఅధికారి ఫోనులో కసిరాడు: "ఏందమ్మా, ఇంక పంపవేంది?"

"సార్, బండి కదలకుంటే మీ ఒక్క ఫోనే వస్తది. ఆగకుంటే పట్టాల పక్కన ఊర్లన్ని ఏడుస్తయి."

ఆ జవాబుకు శిక్షగా ఆమెను ఆఫీసు గదికి మార్చి, ట్యాంకర్ల పని నాకు అప్పగించారు. నాకు పట్టరాని సంతోషం. మొదటి బండికే డ్రైవరు మొండికేశాడు. "మేడం, జర కరుణక్కను గూడ పిలువరాదు."

ఆమె వచ్చింది. బండిని చూడనైనా లేదు. "మేడం చూసినంక నేను చూసుడెందుకన్నా? నాకంటె పక్కాగ చూస్తది. బండి తియ్యి."

డ్రైవరు వెంటనే ఇంజనెక్కాడు. ఆ ఔదార్యం నన్ను అవమానం కంటే ఎక్కువగా కాల్చింది. తర్వాత డ్రైవర్లంతా పట్టుబట్టి ఆమెను తిరిగి తెచ్చుకున్నారు. చివరి ట్యాంకరు బ్రేకును కళ్లారా చూడనిదే బండి పంపకూడదన్న ఆమె పద్ధతి మా యార్డుకు శాసనమైంది.

గార్లలో సమాధి దగ్గర, భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే ఆమె తమ్ముడు నా చేతులు పట్టుకున్నాడు. "అక్కా, ఇంట్ల ఎప్పుడు మీ ముచ్చటే. 'గామె లెక్క పని నేర్వాలె' అంటుండె."

మెచ్చుకోవడంలోనూ ఆమే నన్ను మించింది. ఎవరిని దాటాలని ఇన్నేళ్లు నా పనికి పదును పెట్టుకున్నానో ఆ మనిషి మట్టిలో కలిసింది. తోటివాళ్లలో అంతటి మనిషి నాకు మళ్లీ దొరకదు. కరుణా, మొదటిసారి మనస్ఫూర్తిగా నీకు చేతులెత్తి మొక్కుతున్నాను.